కుక్కకాటులో ఉన్నది విషం కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో కుక్కకాట్ల గురించి వచ్చిన వార్త చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. జనాన్ని హెచ్చరించాలనే రాశారు, అందులో నాకు అనుమానం లేదు, కానీ "విషం ఒంటికి ఎక్కక ముందే ఆస్పత్రికి వెళ్లాలి" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైర్ అయినదాన్ని. ఆ "విషం" అనే ఒక్క మాట మనుషుల చేత ఏమేం చేయిస్తుందో మా వీధిలోనే కళ్లారా చూశాను. కుక్కకాటులో విషం లేదండీ, ఉన్నది రేబిస్ అనే జబ్బు తెచ్చే వైరస్. ఈ తేడా పరీక్షలో రెండు మార్కుల కోసం తెలియాల్సింది కాదు, ప్రాణం కోసం తెలియాల్సింది.

మాకు పాలు పోసే ఆవిడ మనవడు ఎనిమిదేళ్లవాడు. పోయిన వేసవిలో వీధికుక్క వాడి పిక్క పట్టుకుని పీకింది, రెండు పళ్లు లోతుగా దిగాయి. కుక్క మళ్లీ కనిపించలేదు. ఇంట్లోవాళ్లు ముందు గాయం మీద సున్నం, కారం కలిపి పెట్టారు, మర్నాడు పక్క ఊళ్లో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు, మూడో రోజు నాకు తెలిసి గొడవ చేస్తే అప్పుడు ఆస్పత్రికి వెళ్లి ఒక సూది వేయించారు. రెండో సూదికి వెళ్లనే లేదు. ఏమ్మా వెళ్లలేదు అని అడిగితే ఆవిడ అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "కరిచి తొమ్మిది రోజులైపోయిందమ్మా, విషం ఎక్కేదే అయితే ఈపాటికి ఎక్కేసేది కదా, వాడు చూడండి ఎలా గెంతుతున్నాడో."

ఆవిడ తెలివితక్కువ మనిషి కాదు. పొలాల్లో పాముకాట్లు చూసిన మనిషి. పాము విషం ఒంట్లో పాకి గంటల్లోనే తన పని మొదలుపెడుతుంది, కరిచిన మనిషి రెండు రోజులు గడిచి లేచి తిరిగితే గండం గడిచిందనుకుంటారు. ఆవిడ ఆ లెక్కే కుక్కకాటుకూ వేసింది. మనం "విషం" అని చెప్పాక ఇంకో లెక్క ఎలా వేస్తుంది? పసరు మందూ, మంత్రమూ, పథ్యమూ అన్నీ ఆ మాట వెనకాలే వస్తాయి, ఎందుకంటే విషానికి విరుగుడు ఉంటుందని మనకు తరతరాలుగా తెలుసు. రేబిస్‌లో తొమ్మిది రోజులు ఏమీ కనిపించకపోవడం క్షేమానికి గుర్తు కాదు. వైరస్ ఇంకా దారిలోనే ఉండి ఉండవచ్చు.

ఆ దారి ఏమిటో ఆ సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చుని పిల్లాడి పలక మీద గీసి చూపించాను. అదే ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగైనా దయచేసి చదవండి.

రేబిస్ వైరస్ తుపాకీ గుండు ఆకారంలో ఉంటుంది. దాని పొడవు మిల్లీమీటరులో సుమారు ఐదున్నర వేల వంతు. మొత్తం కలిపి ఐదంటే ఐదు జన్యువులు. దానికి కాళ్లు లేవు, తోక లేదు, కదలడానికి కావలసిన శక్తిని సొంతంగా తయారుచేసుకోలేదు. చొంగలో నుంచి పిక్క కండరంలోకి దిగిన అలాంటి పదార్థం మెదడు దాకా ఎలా చేరుతుంది? రక్తంలో కొట్టుకుపోయి అని చాలామంది అనుకుంటారు, నా స్టూడెంట్లు కూడా ప్రతి ఏడాదీ అదే రాసేవారు. రేబిస్ మెదడుకు చేరేది రక్తం దారిన కాదు, నరం దారిన. నరం పక్కన కూడా కాదు, నరం లోపల.

నరం అంటే మనం ఒక తీగ అనుకుంటాం. నిజానికి అది ఎన్నో నాడీకణాల పొడుగాటి చేతుల కట్ట. పిక్క కండరాన్ని కదిలించే నాడీకణం ఉండేది పిక్కలో కాదు, దాని కణదేహం, అందులోని కేంద్రకం వెన్నుపాములో ఉంటాయి. అక్కడి నుంచి ఒక్క చెయ్యి, పాఠ్యపుస్తకంలో తంత్రికాక్షం అంటాం, కిందకు సాగి కండరం దాకా వస్తుంది. పెద్దవాళ్లలో ఇది పాదం దాకా దాదాపు మీటరు పొడవు ఉంటుంది. ఒకే కణం, మీటరు పొడవు! కొస దగ్గర కావలసిన ప్రొటీన్లలో ఎక్కువ భాగం పైన వెన్నుపాములోనే తయారవుతాయి, అక్కడి నుంచి ఇక్కడికి పంపాలి. కొసలో జరిగే సంగతులు మళ్లీ పైకి తెలియాలి. వాటంతట అవి మెల్లగా ఊరుతూ చేరాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే కణం తన లోపల పట్టాలు వేసుకుంది. వాటి పేరు సూక్ష్మనాళికలు, ట్యూబులిన్ అనే ప్రొటీన్ ఇటుకలతో కట్టినవి, ఒక్కొక్కటి 25 నానోమీటర్ల మందం (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు).

ఆ పట్టాల మీద బరువులు మోసేవాళ్లు ఉన్నారు. గుంటూరు మిర్చి యార్డులో హమాలీలను చూసిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కైనెసిన్ అనేవి సరుకును కణదేహం నుంచి కొస వైపుకు మోస్తాయి, డైనీన్ అనేది కొస నుంచి పైకి, వెన్నుపాము వైపుకు మోస్తుంది. డైనీన్‌కు రెండు కాళ్లు ఉంటాయి, కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చుపెట్టుకుంటూ అడుగుకు సుమారు ఎనిమిది నానోమీటర్ల చొప్పున నడుస్తుంది. వీపు మీద ఉన్న మూటలో ఏముందో అది విప్పి చూడదు. మూట పైన సరైన గుర్తు ఉంటే చాలు, మోసుకుపోతుంది.

వైరస్ వాడుకునేది దీన్నే. దాని ఒంటి మీద ముళ్లలా ఉండే జీ ప్రొటీన్ నరమూ కండరమూ కలిసే చోట కొన్ని గ్రాహకాలను, అంటే బయటి కబుర్లు అందుకునే ప్రొటీన్లను, పట్టుకుంటుంది. వాటిలో ఒకటి పీ75. నరాల పెరుగుదలకు కావలసిన ప్రొటీన్లను అందుకుని ఆ కబురు కణదేహానికి చేర్చడం దాని అసలు పని. పీ75 ఉన్న పొరను నరం కొస చిన్న సంచిలా లోపలికి మింగి, మూటకట్టి, డైనీన్ వీపున వేసి పైకి పంపుతుంది. వైరస్ ఆ సంచిలో కూర్చుంటుంది, అంతే. టెల్ అవీవ్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో దీన్ని సూక్ష్మదర్శిని కింద చూశారు. పీ75తో కలిసి వెళ్లే రేబిస్ వైరస్, ఆ దారిన మామూలుగా వెళ్లే నరాల పెరుగుదల ప్రొటీన్ కంటే కూడా వేగంగా కదిలింది. అంటే బండి ఎక్కడమే కాదు, బండిని త్వరపెట్టింది కూడా.

దారిలో అది సంచి విప్పదు. సంచి లోపల పులుపు పెరిగితేనే వైరస్ పొర సంచి పొరతో కలిసిపోయి, లోపలి ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యువులున్న పోగు, బయటకు వస్తుంది. అది ప్రధానంగా కణదేహం చేరాక జరిగే పని. ప్రయాణం సాగినంతసేపూ నరం మామూలుగానే పనిచేస్తుంటుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, పిల్లాడు గెంతుతూ ఉంటాడు. ఈ ప్రయాణం రోజుకు సుమారు 50 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటుందని అంచనా. అయితే నరం ఎక్కక ముందు వైరస్ కండరంలోనే కొన్నాళ్లు, ఒక్కోసారి వారాల తరబడి ఉండిపోవచ్చు. అందుకే లక్షణాలు బయటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు, కొందరికి వారం, కొందరికి ఏడాది దాకా పడుతుంది. ముఖం మీద, మెడ మీద, చేతివేళ్ల మీద కరిస్తే అంత వ్యవధి దొరక్కపోవచ్చు, దూరం తక్కువ, నరాల కొసలు ఎక్కువ. పిల్లల ఎత్తు కుక్క నోటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వాళ్లకు ముఖం మీద కాట్లు ఎక్కువ, ఈ మాట తల్లిదండ్రులకు ఎవరో ఒకరు చెప్పాలి.

వైరస్ ఈ పట్టాల మీదే వెళుతుందని ఎలా తెలుసు అని ఎవరైనా అడగవచ్చు, మంచి ప్రశ్న. కొల్చిసిన్ అనే రసాయనం సూక్ష్మనాళికలను కూలదోస్తుంది. ఎలుకల మీద, ల్యాబులో పెంచిన నాడీకణాల మీద దాన్ని వాడి చూస్తే వైరస్ ప్రయాణం ఆగిపోయింది. ఈ కొల్చిసిన్ మన అడవినాభి దుంపలోనూ ఉంటుంది. ఇది రాయాలా వద్దా అని రెండుసార్లు ఆలోచించాను, ఎందుకంటే ఎవరో ఒకరు దుంప తవ్వుకొస్తారేమోనని భయం. దయచేసి అలా చేయకండి. ఆ దుంప తింటే ప్రాణం పోతుంది. ఆ పట్టాలు మన నరం బతకడానికి వేసుకున్నవి, వాటిని కూల్చితే వైరస్‌తో పాటు నరమూ పోతుంది. ఇక్కడే రేబిస్ కష్టమంతా ఉంది. దొంగ మన సొంత మెట్లే ఎక్కి వస్తున్నాడు, మెట్లు పగలగొట్టుకోలేం. మెట్టు ఎక్కక ముందే పట్టుకోవాలి.

ఎక్కాక ఏమవుతుందో కూడా రాస్తాను, ఎందుకంటే అక్కడ కూడా అది మన కణాన్నే వాడుకుంటుంది. 1903లో ఇటలీలోని పావియాలో అడెల్కి నెగ్రి అనే డాక్టరు రేబిస్‌తో చనిపోయిన జంతువుల మెదడు కణాల్లో గుండ్రటి మచ్చలు చూశారు. అవి రేబిస్ తెచ్చే ఏకకణ జీవులని ఆయన అనుకున్నారు. వాటినే నెగ్రి బాడీలు అంటున్నాం, చాలా ఏళ్లపాటు రోగ నిర్ధారణ వాటిని చూసే చేసేవారు. వందేళ్లకు పైగా గడిచాక తేలిందేమిటంటే, అవి వైరస్ కట్టుకున్న కార్ఖానాలు, వాటి లోపలే దాని ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తయారవుతాయి. 2017లో ఫ్రాన్స్ పరిశోధకులు వాటికి గోడ కూడా లేదని చూపించారు. నీళ్లలో నూనె బొట్టు విడిగా నిలబడినట్టు, కణద్రవంలో ఈ బొట్లు విడిగా నిలబడతాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి, విడిపోతాయి.

కణం మాత్రం ఊరికే ఉండదు. వైరస్ వచ్చిందని పసిగడితే ఇంటర్‌ఫెరాన్ అనే కబురు పంపుతుంది, ఆ కబురు అందుకున్న కణాల్లో స్టాట్1 అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి రక్షణ జన్యువులను లేపాలి. రేబిస్‌కు ఉన్న పీ ప్రొటీన్ ఆ స్టాట్1ను కేంద్రకం బయటే పట్టి ఉంచుతుంది, దాని పొట్టి రూపం ఒకటి సూక్ష్మనాళికలకు అంటుకుని మరీ ఈ అడ్డుపని చేస్తుంది. తను ఎక్కి వచ్చిన పట్టాలనే మళ్లీ కాపలాను కట్టేయడానికి వాడుతోందన్నమాట. పైగా నాడీకణాన్ని తొందరగా చంపదు. కణం చస్తే దారి తెగుతుంది, అలజడి రేగుతుంది, అందుకే మెదడంతా వైరస్ నిండాక కూడా పైకి పెద్దగా దెబ్బతినని కణాలు కనిపిస్తాయి. ఒక కణం నుంచి ఇంకో కణానికి అవి కలుసుకునే చోట్ల నుంచే దాటుతుంది. ఎంత కచ్చితంగా దాటుతుందంటే, మెదడులో ఏ కణం ఏ కణంతో కలిసి ఉందో పటం గీయడానికి శాస్త్రవేత్తలు జీ ప్రొటీన్ జన్యువు తీసేసిన రేబిస్ వైరస్‌ను 2007 నుంచి వాడుతున్నారు.

మెదడు నుంచి అది మళ్లీ నరాల వెంట బయటకు ప్రయాణమవుతుంది, లాలాజల గ్రంథులకు చేరుతుంది. మింగే కండరాలు పట్టేసి నీళ్లు చూస్తేనే వణికే స్థితి, అదే జలభీతి, అప్పటికి వస్తుంది. లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. కుక్కలో కూడా ఇంతే, కాకపోతే ఒక ముఖ్యమైన సంగతి, పిచ్చి లక్షణాలు కనబడడానికి కొన్ని రోజుల ముందే చొంగలో వైరస్ ఉండొచ్చు. "పిచ్చికుక్క కాదులే, బాగానే ఉంది" అన్న మాట మీద ఆధారపడకూడదు. కుక్కను పది రోజులు గమనించమనేది ఇందుకే, అదికూడా సూదులు మొదలుపెట్టి గమనించాలి, గమనించాక మొదలుపెడదామని కాదు.

ఇప్పుడు మందు సంగతి. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా మొదలుపెట్టేసరికి కుక్క కరిచి రెండు రోజులైంది. చాలా జబ్బులకు టీకా ముందే వేయాలి, దీనికి కరిచాక వేసినా పనిచేస్తుంది, ఎందుకు? వైరస్ నడిచి వచ్చే లోపల ఒంటికి యాంటీబాడీలు, అంటే వైరస్‌ను పట్టి ఆపే ప్రొటీన్లు, తయారుచేసుకునే వ్యవధి ఉంటుంది కాబట్టి. డైనీన్ గురించి అప్పటికి ఎవరికీ తెలియదు, కానీ పాశ్చర్ చేసిన వైద్యం ఆ నడక సమయం మీదే నిలబడింది.

టీకా పడ్డాక యాంటీబాడీలు తగినంత రావడానికి వారం పది రోజులు పడుతుంది. అవి నరం లోపల సంచిలో కూర్చున్న వైరస్‌ను అందుకోలేవు. కాబట్టి ఆ వారం పది రోజులు గాయం దగ్గర ఎవరో కాపలా ఉండాలి, ఆ కాపలాయే ఇమ్యునోగ్లోబులిన్. రెడీమేడ్ యాంటీబాడీలు అన్నమాట, అందుకే దాన్ని గాయం లోపలా చుట్టూరా ఎక్కించాలి. రక్తం వచ్చేలా కరిచిన ప్రతి కాటుకూ ఇది కావాలి, టీకా ఒక్కటే చాలదు. సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్ల కింద కడగమనేది కూడా శుభ్రత కోసం చెప్పే మాట కాదు, వైరస్ పై పొర కొవ్వు పొర, సబ్బు దాన్ని కరిగించేస్తుంది, నరం ఎక్కడానికి మిగిలే వైరస్ సంఖ్య తగ్గిపోతుంది. సున్నం, కారం రుద్దితే ఆ పని జరగదు సరికదా పచ్చి గాయం ఇంకా రేగుతుంది. మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే నాలుగుసార్లు వెళ్లాలి, మొదటి సూది రోజు, అప్పటి నుంచి లెక్కపెట్టి 3 రోజులకు, 7 రోజులకు, 28 రోజులకు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది, గొర్రె మెదడుతో చేసే ఆ పాత టీకాను మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఆ భయం మాత్రం ఇంకా ఊళ్లలో తిరుగుతోంది.

మా పాలావిడ మనవడి విషయంలో మొదటి సూది పడి ఆరు రోజులైంది. మొదటి సూది తర్వాత ఏడు రోజులు దాటితే ఇమ్యునోగ్లోబులిన్ ఇక వేయరు. మర్నాడు పొద్దున్నే వాడిని తీసుకుని వెళ్లాం. మొదట వెళ్లిన ఆస్పత్రిలో లేదన్నారు, అసలు అవసరం ఉందా అన్నట్టు చూశారు కూడా, నాకు చాలా బాధేసింది, కోపం వచ్చింది. అక్కడి నుంచి ఆటో కట్టించుకుని ఇంకో ఊరు వెళితే దొరికింది. ఆ రెండు గంటలూ నాకు ఉన్న టెన్షన్ ఎవరికీ వద్దు. పిక్కలో గాయం చుట్టూ ఎక్కించేటప్పుడు వాడు గట్టిగా ఏడ్చాడు, నాయనమ్మ వాడిని పట్టుకుని తనూ ఏడ్చింది. తర్వాత సూదులన్నీ తేదీ తప్పకుండా వేయించింది, నేను గుర్తు చేయాల్సిన అవసరం కూడా రాలేదు. ఎందుకంటే పలక మీద బొమ్మ చూశాక ఆవిడకు "ఇంకా దారిలో ఉందేమో" అన్నది అర్థమైంది. వాడు బాగున్నాడు, మూడో తరగతిలోకి వచ్చాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను 2030 కల్లా లేకుండా చేయాలని 2021లో కేంద్రం జాతీయ ప్రణాళిక ప్రకటించింది. అందులో వ్యాక్సిన్లు, కుక్కల టీకాలు, లెక్కలు అన్నీ ఉన్నాయి, మంచిదే. కానీ రెండో సూదికి రాని మనిషిని రప్పించేది కారణం అర్థం కావడం, ఆ పని మీలాంటి పత్రికలు చేయగలిగినంతగా ఎవరూ చేయలేరు. రెండే అడుగుతున్నాను. ఇకపై కుక్కకాటు వార్తల్లో "విషం", "విషం ఎక్కింది", "విరుగుడు సూది" అన్న మాటలు వాడకండి, వైరస్ అనండి, అది ఇప్పుడు అందరికీ తెలిసిన మాటే, కరోనా పుణ్యమా అని చిన్నపిల్లలకు కూడా వచ్చు. రెండోది, కుక్కకాటు వార్త వేసిన ప్రతిసారీ పక్కన చిన్న బొమ్మ ఒకటి వేయండి, పిక్కలో గాయం, అక్కడి నుంచి వెన్నుపాము దాకా పట్టా, దాని మీద సంచి మోస్తున్న డైనీన్.

బొమ్మ ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. పలక మీదది కాగితం మీదకు ఎక్కించింది ఆ పిల్లాడే, గీతలు కొంచెం వంకరగా ఉన్నాయి, మీ ఆర్టిస్టు సరిచేసుకుని రంగులు వేసుకోవచ్చు. డైనీన్ నడిచే దిక్కు మాత్రం వెన్నుపాము వైపే ఉండాలి, అది తిరగేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
అనకాపల్లి